ఎక్స్‌రే మరీ తెల్లగా వచ్చింది: నల్గొండ జిల్లాలో ఒక ఫ్లోరోసిస్ కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాదే. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

పేషెంట్‌కి 57 ఏళ్లు. మునుగోడు వైపు ఒక ఊరు, బత్తాయి తోట రైతు. మొదటిసారి నా దగ్గరికి వచ్చింది మోకాళ్ల నొప్పితో. ఆరోజు ఓపీ కిటకిటలాడుతోంది. మెట్లెక్కితే నొప్పి ఎక్కువవుతోంది, కింద కూర్చోలేకపోతున్నాడు. ఆ వయసు రైతుల్లో ఇలాంటివాళ్లు రోజుకి పదిహేను మంది వస్తారు. నిలబెట్టి రెండు మోకాళ్లకీ ఎక్స్‌రే తీయించాను. లోపలివైపు కీలు సందు కాస్త తగ్గింది. ‘గుజ్జు అరిగింది’ అని అందరికీ చెప్పే మాటే చెప్పి, నొప్పి మాత్రలు, కాల్షియం, తొడ కండరాలకి ఎక్సర్‌సైజులు రాసి పంపించేశాను.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌రే మానిటర్ మీద తెరవగానే ఎముకలు సుద్దముక్కల్లా కనిపించాయి. “ఇంత తెల్లగా వచ్చిందేంటి?” అని టెక్నీషియన్‌ని అడిగి, అతను చెప్పేది వినకుండానే బ్రైట్‌నెస్ తగ్గించుకుని, కీలు సందు చూసుకున్నాను. చూడాల్సింది ఆ తెలుపునే. దాన్ని నా చేత్తో నేనే తగ్గించేశాను.

మళ్లీ వచ్చింది పధ్నాలుగు నెలల తర్వాత, కొడుకు భుజం పట్టుకుని.

“బాపు కాళ్లు బరువైతున్నయంటున్నడు సార్. తోటల రెండుసార్లు పడ్డడు” అన్నాడు కొడుకు. పెద్దాయన అందుకున్నాడు: “చెప్పు జారిపోతే తెల్వదు సారూ. పది అడుగులు నడిచినంక చూస్కుంటే ఒట్టి కాలుంటది.”

చెప్పు జారినా తెలియడం లేదంటే ఆ గొడవ మోకాలిది కాదు. అరిగిన మోకాలు నొప్పి పెడుతుంది, పట్టేస్తుంది, వాస్తుంది. పాదం కింద ఏముందో తెలియకుండా చేయదు. పాదం నుంచి కబురు మెదడుకి చేరాలంటే వెన్నుపాము మీదుగా పోవాలి. ఆ దారిలో ఎక్కడో అడ్డం పడింది. చొక్కా గుండీలు ఎవరు పెడతారని అడిగాను. నాలుగు నెలలుగా భార్యే పెడుతోందట. మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నాడు. షుగర్ వల్లనేమో అనుకుని ఊరుకున్నాడు. షుగర్ చూపిస్తే నార్మల్.

ఈసారి కుర్చీలోంచి లేచి పరీక్ష చేశాను. కొడుకు పక్కనుంచి పిలిస్తే ఆయన మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగాడు. గడ్డం ఛాతీకి ఆనించమంటే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. చేతులు తల వెనక్కి పెట్టమంటే చెవుల దాకా కూడా రాలేదు. మోచేతులు రెండూ పూర్తిగా చాపుకోలేదు. అరచెయ్యి పైకి తిప్పమంటే భుజంతో సహా ఒరిగాడు. ఊపిరి గట్టిగా పీల్చుకుంటే ఛాతీ పెరిగింది ఒకటిన్నర సెంటీమీటరు. ఆ వయసులో మూడు నాలుగైనా రావాలి.

నరాల పరీక్ష ఇంకా స్పష్టంగా చెప్పింది. మోకాలి దగ్గర సుత్తి ఆనిస్తే చాలు, కాలు ఎగిరిపడింది. పాదాన్ని ఒక్కసారి పైకి నెట్టి పట్టుకుంటే టకటకా కొట్టుకుంటూనే ఉంది. అరికాలు గీస్తే బొటనవేలు కిందికి కాకుండా పైకి లేచింది. కాళ్లలో బలం అయిదింటికి నాలుగు. ట్యూనింగ్ ఫోర్క్ చీలమండ మీద పెడితే “చల్లగుంది” అన్నాడు గానీ, అదురుతున్నట్టు చెప్పలేదు. అంటే మెడ దగ్గరే వెన్నుపాము నలుగుతోంది. గుండీలు పెట్టుకోలేకపోవడం కూడా దాంతోనే కలుస్తుంది.

అప్పుడు పళ్లు చూశాను. అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడా గుంటలు. పోయినసారి కూడా ఇవే పళ్లు. పొగాకు నములుతాడేమో అనుకున్నానే తప్ప అడగలేదు. ఈసారి అడిగితే చుట్ట, బీడీ, పొగాకు ఏదీ అలవాటు లేదు. పొగాకు మరకైతే పంటి మీద పైపైన అంటుకుంటుంది, క్లీనింగ్ చేస్తే పోతుంది. ఈ చారలు ఎనామెల్‌లోనే ఉన్నాయి. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా పోతేనే అవి పడతాయి. యాభై ఏళ్ల కిందట ఆయన ఏ నీళ్లు తాగాడో ఆ పళ్ల మీదే రాసి ఉంది.

ముంజేతికి ఎక్స్‌రే తీయించాను. పోయినసారి మోకాలి ఎక్స్‌రే కూడా పక్కన పెట్టుకుని, ఈసారి బ్రైట్‌నెస్ జోలికి పోకుండా చూశాను.

ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య పల్చటి పొర ఒకటి పరిచి ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ పొర కనిపించదు, అక్కడ నల్లగా ఖాళీ ఉంటుంది. ఈయనకి ఆ ఖాళీలోకి ఎముక అంచు నుంచి రంపం పళ్లలాగా తెల్లటి ముళ్లు పొడుచుకొచ్చాయి. ఆ పొర ఎముకగా మారుతోందన్నమాట. ఫ్లోరోసిస్‌కి, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకీ పళ్లకీ వచ్చే జబ్బుకి, ఇంతకంటే గట్టి గుర్తు ఎక్స్‌రేలో దొరకడం కష్టం. మోకాలి ఎక్స్‌రేలో కూడా కింది అంచున, పిల్లనగ్రోవిలాంటి సన్నటి ఎముకకీ పెద్ద ఎముకకీ మధ్య అవే ముళ్లు మొదలయ్యాయి. పధ్నాలుగు నెలల కిందటే నా కళ్ల ముందు ఉన్నాయి.

నీళ్ల సంగతి

“ఏ నీళ్లు తాగుతావు పెద్దాయనా?”

“ఇంట్ల నల్లా ఉంది సారూ, భగీరథ నీళ్లు.”

ఇక్కడ ఆగిపోయి ఉంటే మళ్లీ తప్పులో కాలేసేవాణ్ణి. ఎందుకో కొడుకు వైపు చూశాను. అతను నవ్వాడు. “ఇంట్ల ఉండేదెంతసేపు సార్? పొద్దుగాల ఆరింటికి తోటకి పోతడు, చీకటైనంక వస్తడు. అక్కడ బోరు నీళ్లే.” పెద్దాయన ఒప్పుకున్నాడు: “ఆ నల్లా నీళ్లు సప్పగుంటయ్, మందు వాసనొస్తది. బోరు నీళ్లు తియ్యగుంటయ్.” తోటలో పొయ్యి మీద చాయ్ పెట్టుకునేదీ, మధ్యాహ్నం అన్నం వండుకునేదీ ఆ నీళ్లతోనే. చాయ్‌పత్తాలోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలిందాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

రెండు సీసాల్లో నీళ్లు తెప్పించి పరీక్షకి పంపాం. నల్లా నీళ్లలో లీటరుకి 0.4 మి.గ్రా. బోరు నీళ్లలో 4.8. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఎండాకాలం తోటలో పనిచేసే మనిషి అయిదు లీటర్లు తేలిగ్గా తాగుతాడు. అంటే రోజుకి 24 మి.గ్రా., చాయ్, వంట కలపకుండానే.

ఈ అంకెని ఇంకోదాని పక్కన పెడితే దాని బరువు తెలుస్తుంది. ఒకప్పుడు ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకి సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు నాలుగేళ్లు చేసిన ట్రయల్ ఫలితాలు 1990లో వచ్చాయి. రోజుకి 75 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్, అంటే అందులో అసలు ఫ్లోరైడ్ దాదాపు 34 మి.గ్రా. నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. నాలుగేళ్లకే ఆ పని అయితే, మన రైతు అందులో మూడింట రెండొంతుల డోసు దశాబ్దాల తరబడి తీసుకున్నాడు. అదీ ఎవరూ చీటీ రాయకుండా.

సాంద్రత అంటే గుర్తొచ్చింది. ఆయన సంచిలో పాత రిపోర్టుల మధ్య ఓ క్యాంపులో ఉచితంగా చేసిన బోన్ డెన్సిటీ కాగితం ఒకటి దొరికింది. మడమ మెషీన్‌లో పెట్టి తీసేది. అందులో ఆకుపచ్చ గడిలో టిక్కు, ‘ఎక్సలెంట్’. దాన్ని ఆయన ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా దాచుకున్నాడు.

ఎముకలో జరిగిందేమిటి

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలని బళ్లో చదువుకున్నాం. ఆ లెక్కలో లిగమెంట్లు, కండరాల చివర్లు, ముంజేతి పొర రావు. ఫ్లోరోసిస్‌లో దెబ్బపడేది సరిగ్గా వాటి మీదే. ఎముక కాకూడనివన్నీ ఎముక అవుతాయి.

ఎముక ఒకసారి తయారై ఊరుకునేది కాదు. ఒకరకం కణాలు పాత ఎముకని కొరికేస్తుంటే, ఇంకోరకం కణాలు అక్కడ కొత్తది పోస్తుంటాయి. కొలాజెన్ అనే ప్రోటీన్ దారాల మధ్య కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు పేర్చుకుంటూ పోతాయి. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌లో కొంత కిడ్నీలు బయటికి పంపేస్తాయి, మిగిలింది వచ్చి ఈ స్ఫటికాల్లో దూరుతుంది. ఒంట్లో మిగిలిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. అలా దూరిన స్ఫటికం కరగడానికి మొండికేస్తుంది. పైగా ఎముక పోసే కణాలని ఫ్లోరైడ్ ఎగదోస్తుంది. ఎముక పెరుగుతుంది గానీ అడ్డదిడ్డంగా పెరుగుతుంది. సిమెంటు ఎక్కువై ఇనుము తక్కువైన స్లాబు లాంటిది. చూడ్డానికి దిట్టం, దెబ్బ తగిలితే పగులు.

కొత్త ఎముక పోయడానికి కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే పారాథైరాయిడ్ గ్రంథి మేలుకుని, ఉన్న ఎముకలోంచే లాగుతుంది. అందుకే ఒకే మనిషిలో ఒకచోట ఎముక మరీ గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉండొచ్చు. మోకాళ్లు రాసుకుంటూ, పాదాలు ఎడంగా వేసి నడిచే పిల్లల్ని నల్గొండ జిల్లా ఊళ్లలో నా తరం డాక్టర్లందరం చూశాం. ఆ వంకర మోకాళ్లకీ ఫ్లోరోసిస్‌కీ ఉన్న సంబంధం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లోనే లాన్సెట్‌లో రాశారు. అసలు మన దేశంలో ఈ జబ్బుని మొదట రికార్డు చేసింది కూడా తెలుగు నేల మీదే. 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల కేసులు ప్రచురించింది. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే వాడుతుంది. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో కూర్చుని నేను ‘గుజ్జు అరిగింది’ అన్నాను.

ఎందుకు మర్చిపోయానో ఆలోచిస్తే ఒకటి తోచింది. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక ఈ జబ్బు అయిపోయిందని మనసులో ఎక్కడో తీర్మానించేసుకున్నాను. కొత్తగా పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్న మాట నిజమే. నల్లా మారింది. నలభై దాటినవాళ్ల ఎముకలు మారలేదు, చేలల్లో బోర్లు మారలేదు.

వేరే జబ్బేమో?

వెన్ను బిగుసుకుపోయిన మనిషిని చూస్తే మొదట గుర్తొచ్చేది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి అతుక్కుపోయే జబ్బు. అది సాధారణంగా నలభై లోపు మొదలవుతుంది, పొద్దున లేవగానే బిగువు ఎక్కువ, కాస్త తిరిగితే తగ్గుతుంది. ఎక్స్‌రేలో వెన్ను కింది చివర కటి ఎముకతో కలిసేచోట ఉండే సాక్రోఇలియాక్ కీళ్లు తినేసినట్టు కనిపించి, తర్వాత అతుక్కుపోతాయి. ఈయనకి ఆ కీళ్లు కోసుకుపోలేదు, ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్ నార్మల్, ఆ జబ్బున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే హెచ్ఎల్ఏ-బీ27 నెగెటివ్. ఆ వయసు మగవాడికి ఎముకలు తెల్లబడితే ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిందేమో చూడకుండా వదలకూడదు. దానికి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ చేయించాం, నార్మల్. అదీగాక క్యాన్సర్ మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఇలా ముంజేతి పొరని ఎముక చేయదు.

ఎముక ఎంత జోరుగా తయారవుతోందో చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 286, ఎముకలోంచి కాల్షియం లాగే పారాథైరాయిడ్ హార్మోన్ 118, రెండూ ఎక్కువే. విటమిన్ డి 14, తక్కువ. మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకి 7.2 మి.గ్రా., బాగా ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4, కాస్త ఎక్కువగా ఉంది. నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే. ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీయే. పదేళ్లుగా మెడికల్ షాపులో, ఆర్‌ఎంపీ దగ్గర, నా దగ్గర కూడా, నొప్పి మాత్రలు మింగి మింగి ఆ దారినే ఇరుకు చేసుకున్నాడు. నొప్పి మాత్ర ఆరోజే ఆపేశాను.

మెడకి ఎంఆర్‌ఐ, సీటీ. సీటీలో వెన్నుపాము ముందరి లిగమెంటు మెడలో మూడో పూస (సీ3) నుంచి ఆరో పూస (సీ6) దాకా మందపాటి ఎముక పట్టీ అయిపోయింది. వెనకవైపు లిగమెంటు కూడా అంతే. వెన్నుపాము పోయే గొట్టం ఆ భాగంలో మామూలుగా 15 మి.మీ. పైనే ఉంటుంది, ఈయనకి ఇరుకైన చోట 6 మిగిలింది. ఎంఆర్‌ఐలో వెన్నుపాము నలిగినచోట తెల్లటి మచ్చ. ఆ మచ్చ వచ్చాక ఆలస్యం చేసేకొద్దీ తిరిగొచ్చేది తగ్గుతుంది.

ఆపరేషన్

హైదరాబాద్‌లో స్పైన్ సర్జన్ దగ్గరికి పంపాను. నేనూ వెళ్లి థియేటర్‌లో నిలబడ్డాను. కొంత కుతూహలం, కొంత అపరాధభావం.

కష్టం మత్తు దగ్గరే మొదలైంది. మెడ వెనక్కి వంగదు, కాబట్టి గొంతులో ట్యూబు మామూలుగా వేయడానికి లేదు. మనిషి మెలకువగా ఉండగానే గొంతుకి మొద్దుబారే మందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టం సాయంతో ట్యూబు దించారు. ఒక్క ట్యూబు వేయడానికే నలభై నిమిషాలు. మెడ వెనకనుంచి సీ3–సీ6 పూసల కప్పు తీయడం మొదలుపెట్టారు. ఆ శబ్దం ఆస్పత్రి శబ్దంలా లేదు, షాబాద్ బండ కోస్తున్నట్టుంది. మామూలు ఎముకైతే డ్రిల్ కింద తడిసిన రంపపు పొట్టు వస్తుంది. ఇక్కడ తెల్లటి పొడి. రెండు బర్‌లతో (డ్రిల్ మొనలతో) అయ్యే పనికి అయిదు మార్చారు. రక్తం కూడా ఎక్కువే పోయింది. గట్టిపడిన లిగమెంటు వెన్నుపాము పైపొరకి అతుక్కుపోయి ఉంది. ఎంత నెమ్మదిగా తీసినా ఒకచోట పొర చిరిగి నీరు కారింది. కుట్టి, పైన జిగురు వేశారు. గట్టిగా అతుక్కున్న ఒక చిన్న పెంకుని పీకకుండా చుట్టూ విడిపించి అలాగే వదిలేశారు. పీకాలని పంతానికి పోతే వెన్నుపామే పోతుంది. మెడ ఎలాగూ బిగుసుకుపోయి కదలడం లేదు గనక రాడ్లూ స్క్రూలూ పెట్టలేదు.

అయిదు రోజులు మంచం మీదే ఉంచారు. ఎడమ భుజం ఆరు వారాలు లేవలేదు. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి అలా అవుతుందని ముందే చెప్పి ఉంచడం మంచిదైంది, లేకపోతే కొడుకు మమ్మల్ని నమ్మేవాడు కాదు.

తర్వాత

మూడో నెలలో చొక్కా పైగుండీ తప్ప మిగతావి తనే పెట్టుకున్నాడు. ఆరో నెలలో చేతికర్రతో బస్టాండు నుంచి నా క్లినిక్ దాకా నడిచొచ్చాడు. మూత్రం ఆపుకోగలుగుతున్నాడు. చెప్పు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ జారుతుంది. వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోమన్నాం. మెడ, మోచేతులు, ఛాతీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఎముకగా మారిపోయిన లిగమెంటుని వెనక్కి తిప్పే మందు ఏదీ లేదు. ఆపరేషన్ వెన్నుపాముకి చోటిచ్చింది, అంతే. ఈ మాట ముందే ఆయన్నీ ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి చెప్పాను.

మందులు తక్కువే. విటమిన్ డి, రోజుకి మితంగా కాల్షియం, పాలు, పెరుగు, మునగాకు, ఆకుకూరలు, ఉసిరి, జామ. నొప్పికి పారాసిటమాల్, అదీ లెక్కగా. అసలు వైద్యం నీళ్లు. తోటలో మోటారు షెడ్డు పక్కన ఇరవై లీటర్ల క్యాను పెట్టించాం. ఇంటి నుంచి రోజూ నల్లా నీళ్లు నింపుకుపోవాలి. మందు వాసన పోవాలంటే రాత్రి బిందెలో పట్టి, మూత కాస్త ఓరగా పెట్టి ఉంచమన్నాను. వాసన పోయాక రుచి గురించి ఫిర్యాదు రాలేదు.

ఏడాదికి మూత్రంలో ఫ్లోరైడ్ 2.9కి దిగింది. నీళ్లు మార్చినా సున్నా కాదు. ఎముకలో దాచుకున్నది కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 164. క్రియాటినిన్ 1.2.

ఆ రివ్యూకి భార్య కూడా వచ్చింది. ఆమెకి 52. తనకేమీ బాధలు లేవంది, నడుం నొప్పి తప్ప, “అది ఎవరికి లేదు సార్?” ఇప్పుడు మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి అని ఎవరొచ్చినా నేను మూడు పనులు చేయిస్తాను, పట్టుమని నిమిషం పట్టదు. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు తల వెనక పెట్టుకోవాలి. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయాలి. ఆమె మొదటి రెండూ చేసింది. మూడోది చేయబోయి మోకాళ్లు వంచేసి, నవ్వేసి, “చీర అడ్డమొచ్చింది” అంది. ముంజేతికి ఎక్స్‌రే తీశాం. రెండు ఎముకల మధ్య గీతలా సన్నగా మొదలైంది. నరాల పరీక్ష నార్మల్. కాల్షియం, విటమిన్ డి రాసి, ఏడాదికోసారి రమ్మన్నాను.

బత్తాయి కోతకి వచ్చే కూలీలు ఏ నీళ్లు తాగుతారని వెళ్లేముందు అడిగాను. కొడుకు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో క్యాను ఎంతవుతుందని అడిగాడు.